ప్రజ్ఞా సిద్ధాంతాలు: ఎవరు ఎవరిని కాదన్నారు?

టెట్‌ ఏ పేపర్‌ రాసినా శిశు వికాసం, పెడగాజీకి 30 మార్కులుంటాయి. అందులో ప్రజ్ఞ తప్పక చదవాల్సిన అధ్యాయం. పేర్లు, ఏళ్లు, కారకాల సంఖ్యలు విడివిడిగా బట్టీ పడితే పరీక్ష హాల్లో థారన్‌డైక్‌, థర్‌స్టన్‌ కలగాపులగమైపోతారు. నిజానికి ఈ సిద్ధాంతాల్లో ఎక్కువ భాగం ఒకే వాదన చుట్టూ తిరుగుతాయి: ప్రజ్ఞ ఒక్కటేనా, అనేకమా? ఆ వరుసలో చదివితే ఎవరి మాట ఎవరిదో తికమక ఉండదు.

కొలత దగ్గర మొదలుపెట్టండి

బడిలో ప్రత్యేక సాయం అవసరమైన పిల్లలను గుర్తించడానికి ఫ్రాన్స్‌లో బినే, సైమన్‌ 1905లో తొలి మాపనిని రూపొందించారు. ప్రజ్ఞాలబ్ధి మాత్రం బినేది కాదు. ఆయన 1911లోనే మరణించారు. మానసిక వయసును వాస్తవ వయసుతో భాగించాలన్నది స్టెర్న్‌ (1912). 100తో గుణించే పద్ధతిని వాడుకలోకి తెచ్చింది టెర్మన్‌ (1916).

8 ఏళ్ల పాప మానసిక వయసు 10 అయితే ప్రజ్ఞాలబ్ధి 125. ఇదే లెక్కను తిప్పి కూడా అడగొచ్చు: ప్రజ్ఞాలబ్ధి 75, వాస్తవ వయసు 12 అయితే మానసిక వయసు 9.

అసలు వాదన

ఒక సబ్జెక్టులో రాణించే పిల్లలు మిగతావాటిలోనూ ముందుండటం చూసి, అన్నిటి వెనకా ఒక సామాన్య కారకం, ఒక్కో పనికి ఒక ప్రత్యేక కారకం ఉంటాయని స్పియర్‌మన్‌ (1904) చెప్పారు. అదే ద్వికారక సిద్ధాంతం. థారన్‌డైక్‌ ఆ ఉమ్మడి శక్తినే కాదన్నారు. అమూర్త, యాంత్రిక, సాంఘిక ప్రజ్ఞలని విభజించింది ఆయనే. ఇద్దరికీ నడుమ నిలిచిన థర్‌స్టన్‌ 1938లో 7 ప్రాథమిక సామర్థ్యాలు ప్రతిపాదించారు.

గిల్‌ఫర్డ్‌ దగ్గర జాగ్రత్త. 5 ప్రచాలకాలు, 4 విషయాలు, 6 ఉత్పన్నాలను గుణిస్తే మొదటి నమూనాలో 120 సామర్థ్యాలు. తర్వాతి సవరణల్లో అవి 150, ఆపై 180 అయ్యాయి. కాబట్టి ప్రశ్న ఏ నమూనా గురించో చూశాకే జవాబు గుర్తించండి.

గార్డ్‌నర్‌ 1983లో 7 ప్రజ్ఞలు చెప్పి, తర్వాత ప్రకృతి సంబంధ ప్రజ్ఞను చేర్చారు. ఈ సిద్ధాంతం బడుల్లో ప్రాచుర్యం పొందినంతగా పరిశోధనల్లో రుజువు కాలేదు. స్టెర్న్‌బర్గ్‌ 1985లో విశ్లేషణాత్మక, సృజనాత్మక, ఆచరణాత్మక ప్రజ్ఞలన్నారు.

అన్వయ ప్రశ్న ఎలా వస్తుంది?

‘లెక్కల్లో వెనకబడిన రవి తరగతిలో తగవులు చక్కగా తీరుస్తాడు. గార్డ్‌నర్‌ ప్రకారం అతనిలో ఏ ప్రజ్ఞ ఎక్కువ?’ ఎదుటివారిని అర్థం చేసుకునేది వ్యక్త్యంతర ప్రజ్ఞ, తనను తాను తెలుసుకునేది వ్యక్త్యంతర్గత ప్రజ్ఞ. రవిది మొదటిది. అదే ప్రశ్నలో గార్డ్‌నర్‌ బదులు థారన్‌డైక్‌ పేరుంటే జవాబు సాంఘిక ప్రజ్ఞ. ముందు పేరు చూడండి, ఆ తర్వాతే ఆప్షన్ల జోలికెళ్లండి.

నోట్సులో ప్రతి శాస్త్రవేత్త పేరు కింద రెండే వాక్యాలు రాసుకోండి: ఎవరి మాటను ఒప్పుకోలేదు, బదులుగా ఏం చెప్పారు. ఆ తర్వాత పాత ప్రశ్నపత్రాల్లోని అన్వయ బిట్లు సాధన చేయండి.