మాత్ర ఒకటే - మందులెన్ని? మధుమేహ రోగులకు కొన్ని జాగ్రత్తలు

త్రిఫల చూర్ణంలో ఏమేమి ఉంటాయని అడిగితే మన ఇళ్ళలో చాలామంది కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ అని తడుముకోకుండా చెప్పగలరు. అదే ఇంట్లో పదేళ్ళుగా మధుమేహానికి మందు వాడుతున్న పెద్దవారిని “మీ మాత్రలో ఏముంది?” అని అడిగితే, “అదేదో షుగరు బిళ్ళ, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి” అంటారు. ఆ ఒక్క బిళ్ళలో రెండు, ఒక్కొక్కప్పుడు మూడు మందులు కలిసి ఉంటాయన్న సంగతి వారికి తెలియదు. దీనివల్ల కలిగే ప్రమాదాలను, వాటిని నివారించే మార్గాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గురుముఖతః ఆయుర్వేదం అభ్యసించిన నాకు అల్లోపతి మాత్రల ప్రసక్తి ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. నా వద్దకు వచ్చే మధుమేహ రోగులలో అధికులు ఆ మాత్రలు వాడుతూనే వస్తారు. రోగి దేహంలో ఇప్పటికే ఏ ఔషధం పనిచేస్తున్నదో తెలుసుకోకుండా మరొక ఔషధం ఇవ్వరాదన్నది మా గురువుగారు నేర్పిన మొదటి నియమం.

మిశ్రమ మాత్రలు ఎందుకు?

మన శాస్త్రం ప్రమేహాలను 20 విధాలుగా విభజించి, మధుమేహాన్ని వాతజ ప్రమేహాలలో చేర్చింది. ఆధునిక వైద్యులు టైప్ 2 మధుమేహం అనేదానికి కూడా కారణం ఒక్కటి కాదు. ఇన్సులిన్‌కు దేహం సరిగా స్పందించదు. కాలేయం అవసరానికి మించి చక్కెరను విడుదల చేస్తుంది. క్లోమగ్రంథి క్రమంగా అలసిపోతుంది. అందువల్లనే వేర్వేరు చోట్ల పనిచేసే మందులను ఒకే మాత్రలో కూరుస్తారు.

మన దేశంలో విరివిగా వాడే జంట మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్. మెట్‌ఫార్మిన్ ప్రధానంగా కాలేయం నుండి వచ్చే చక్కెరను తగ్గిస్తుంది. ఐరోపాలో పూర్వం వాడిన గలేగా అనే మొక్కలోని రసాయనం ఆధారంగా సాగిన పరిశోధనలే దీనికి మూలం. 1957లో స్టెర్న్ అనే ఫ్రెంచి వైద్యుడు మధుమేహ రోగులలో దీని ఉపయోగాన్ని ప్రకటించారు. ఇది ఒంటరిగా వాడినప్పుడు చక్కెరను ప్రమాదకరంగా పడిపోనివ్వడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. అది క్లోమగ్రంథిని ప్రేరేపించి ఇన్సులిన్‌ను స్రవింపజేస్తుంది. రోగి భోజనం మానినా తన పని తాను చేసుకుపోతుంది. కొన్ని మాత్రలలో వోగ్లిబోజ్ అనే మూడవ మందు కూడా ఉంటుంది. ఇది పిండిపదార్థాలు పేగులలో చక్కెరగా మారడాన్ని ఆలస్యం చేస్తుంది.

పాటించవలసిన నియమాలు

1. అట్టపై పెద్ద అక్షరాలతో ఉన్న పేరుతో సరిపెట్టుకోక, దాని క్రింద చిన్న అక్షరాలలో ఉన్న మందుల పేర్లను, మోతాదులను చదవండి. ఒకే పేరు పక్కన అక్షరాలో అంకెలో మారితే లోపలి మందులు, మోతాదు మారిపోతాయి. ఇద్దరు వైద్యులు వేర్వేరు పేర్లతో వ్రాసినవి ఒకే మందు కావచ్చు.

2. గ్లిమిపిరైడ్ కలిసిన మాత్రను సాధారణంగా ఉదయపు ఆహారంతో గాని, మొదటి ప్రధాన భోజనంతో గాని వేసుకోవాలి. నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రలను నూరరాదు, నమలరాదు. ఒక పూట మరచిపోతే మరుపూట రెండు వేసుకోరాదు.

3. ఏకాదశి, శివరాత్రి వంటి ఉపవాస దినాలకు ముందే వైద్యుని సంప్రదించి మోతాదు నిర్ణయించుకోవాలి.

4. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, శస్త్రచికిత్సకు ముందు, రంగుమందు ఎక్కించి తీసే స్కానింగుకు ముందు ఈ మాత్రల సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. మందు పేరు చివర “గ్లిఫ్లోజిన్” అని ఉంటే ఈ జాగ్రత్త మరింత అవసరం.

5. ఏడాదికి ఒకసారైనా మూత్రపిండాల పరీక్ష చేయించుకోవాలి. అవి బలహీనపడితే మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో అవసరమవుతుంది. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారికి బి12 విటమిన్ తగ్గవచ్చు. పాదాల తిమ్మిరిని మధుమేహానికే ముడిపెట్టక ఆ పరీక్ష కూడా చేయించాలి.

వంటింటి మందులతో జాగ్రత్త

కాకర, మెంతులు, పొడపత్రి, నేరేడు గింజలు - వీటిని నేను వాడిస్తాను. వీటికి చక్కెరను తగ్గించే గుణం ఉన్నదని నమ్మేవారు, గ్లిమిపిరైడ్‌తో కలిస్తే మరింత తగ్గుతుందని కూడా గ్రహించాలి. కూరలో కాకరకాయ ఆహారం. రోజూ పరగడుపున త్రాగే గ్లాసెడు కాకరరసం ఔషధం.

అరవై దాటిన ఒక గృహస్థు కార్తిక సోమవారం ఉపవాసముండి, ఉదయం యథాప్రకారం మాత్ర వేసుకొని, కాకరరసం త్రాగారు. దీపాలు పెట్టే వేళకు ఒళ్ళంతా చెమటలు, మాట తడబాటు. ఇంటివారు ఉపవాసపు నీరసమనుకొని పడుకోబెట్టారు. పొరుగువారు తమ గ్లూకోమీటరుతో పరీక్షిస్తే చక్కెర 48! సకాలంలో ఆసుపత్రికి చేర్చినందువల్ల బ్రతికారు. ఈ మూడూ ఒకేరోజు కలవరాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన కూడా ఎవరినీ అడగలేదు.

“షుగరు మాయం” అంటూ పేరూ ఊరూ లేని పొట్లాలలో అమ్మే పొడుల జోలికి అసలే పోవద్దు. మూలికలని చెప్పి, లోపల అల్లోపతి మందులే కలిపిన ఉదంతాలు బయటపడ్డాయి. అలాగే మూలికలను నమ్మి, ఉన్న మాత్రలను మీకై మీరే ఆపివేయడం కూడా ప్రమాదమే. తగ్గించవలసి వస్తే పరీక్షలు చూసి వైద్యుడే తగ్గించాలి.

చక్కెర పడిపోతే ఏమి చేయాలి?

చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, అయోమయం కనిపిస్తే వెంటనే పరీక్షించండి. 70 కన్న తక్కువ ఉంటే మూడు చిన్న చెంచాల గ్లూకోజు పొడిని నీటిలో కలిపి త్రాగించండి. పరికరం అందుబాటులో లేకపోయినా ఆలస్యం చేయక ఇదే చేయండి. 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించి, పెరగకపోతే మరొకసారి ఇవ్వండి. తేరుకున్నాక ఆహారం పెట్టండి. వోగ్లిబోజ్ వాడేవారికి మామూలు పంచదార త్వరగా పనిచేయదు. వారి ఇంట్లో గ్లూకోజు పొడి తప్పనిసరిగా ఉండాలి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయరాదు. వెంటనే ఆసుపత్రికి తరలించాలి. గ్లిమిపిరైడ్ ప్రభావం చాలాసేపు ఉంటుంది కనుక, తేరుకున్న కొన్ని గంటలకు చక్కెర మళ్ళీ పడిపోవచ్చు. వృద్ధులను, మూత్రపిండ వ్యాధి ఉన్నవారిని తేరుకున్నా వైద్యునికి చూపించాలి.

పాఠక మహాశయులు ఈ రోజే ఒక చిన్న పని చేయాలి. మాత్రలోని మందుల పేర్లు, మోతాదులు, వేసుకొనే వేళలు, వాటితోపాటు వాడే చూర్ణాలు, కషాయాలు అన్నీ ఒకే కాగితంపై వ్రాయండి. ఒక ప్రతి జేబులో, మరొకటి ఇంట్లో అందరికీ కనిపించే చోట ఉంచండి. అల్లోపతి వైద్యునికైనా, నా వంటి ఆయుర్వేద వైద్యునికైనా నాడి చూపించే ముందు ఆ కాగితం చూపించండి.