వానకాలపు కచేరీలు

అనకాపల్లి శారదానదీ తీరమున వెలసిన పట్టణము. బెల్లపు వర్తకమునకు దేశమంతట పేరు గన్నది. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీ నుండి అది ఒక జిల్లాకు ముఖ్యపట్టణము కూడ అయినది. ఆ ఊరి పెద్ద జాతర నూకాంబిక అమ్మవారిది. ఫాల్గుణమాసము చివర వచ్చు కొత్త అమావాస్యకు ఆ జాతర జరుగును. అప్పుడు ఆకాశమున మబ్బు తునకయైనను కానరాదు. నాలుగు వాసములు పాతి పందిరి వేసిన చాలును, అదియే రంగస్థలము. జనులు చాపలు తెచ్చుకొని తెల్లవారువరకు కూర్చుందురు.

అయితే వేడుకలన్నియు వేసవిలోనే రావు. వినాయక చవితి భాద్రపదమున, దసరా ఆశ్వయుజమున వచ్చును. ఈ రెండును వానలు పడు నెలలే. నవరాత్రులలో ఒక వీధి పందిరిలో హరికథ, మరియొక వీధిలో నాటకము, ఇంకొకచోట పాటకచేరి ఏర్పాటగును. ఒక్కొక్కప్పుడు ఒకే రాత్రి రెండు మూడు కార్యక్రమములు పడును. పైన చూచిన మబ్బు, చేతిలో చూచిన పరిమితమైన పైకము. ఏది చూడవలెను, ఏది మానవలెను? ఇది వినోదమునకు సంబంధించిన చిన్న ప్రశ్నవలె తోచును. కాని ఆ రాత్రి పాడువానికిని, వేషము కట్టువానికిని అది జీవనమునకు సంబంధించిన ప్రశ్న.

మొదట వాన సంగతి తెలియవలెను. ఉత్తరాంధ్ర తీరమున వాన ముఖ్యముగా రెండు విధములుగా కురియును. ఒకటి సాయంకాలపు ఉరుముల వాన. పగలంతయు ఎండ కాచి, ఉక్కపోసి, ప్రొద్దు వాలునప్పటికి పడమటి కొండల వైపు నుండి మబ్బు లేచును. గాలి, ఉరుము, జడివాన. గంట రెండు గంటలలో అంతయు తేటపడును. ఇట్టి వానకు జడిసి కార్యక్రమమును మానుకొనుట తొందరపాటు. ఏడు గంటలకు మొదలు కావలసిన కథ తొమ్మిదికి మొదలగును, అంతియే. రెండవది ముసురు. బంగాళాఖాతములో అల్పపీడనము ఏర్పడినచో రెండు మూడు దినములు ఎడతెగకుండ సన్నవాన పడుచుండును. ఇది తొమ్మిదికిని ఆగదు, పదికిని ఆగదు. ఆరుబయట ప్రదర్శనమునకు ముసురే అసలైన శత్రువు. ఈ రెండింటికంటె భయంకరమైనది తుపాను. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినప్పుడు గంటకు 170 కిలోమీటర్లకు పైబడిన వేగముతో గాలి వీచెను. ఎన్నో దినములు దీపములు లేవు. అట్టి వేళ కచేరి మాట తలపునకే రాదు.

వాన మనుష్యులను తడుపుటయేకాక వాద్యములను కూడ పరీక్షించును. మృదంగము పనసకొయ్యను తొలిచి చేసిన వాద్యము. దాని రెండు మూతలును తోలుతో చేసినవి. కుడి మూత నడుమ నల్లని కరణి ఉండును. ఎడమ మూతకు కచేరికి ముందు తడిపిన రవ్వముద్దను అంటింతురు. రెండు మూతలను కలిపి తోలు వార్లతో బిగింతురు. తేమగాలి తగిలినప్పుడు తోలు చెమ్మను పీల్చుకొని సాగును. సాగిన తోలుకు బిగువు తగ్గును. బిగువు తగ్గినంత మాత్రమున శ్రుతి దిగును. హార్మోనియములో పలుకునది లోహపు రీడు. చెమ్మ దానిని అంతగా బాధింపదు. కావున ముసురు రాత్రి హార్మోనియము శ్రుతి ఉన్నచోటనే నిలుచును, మృదంగము శ్రుతి క్రిందికి జారుచుండును. అప్పుడు వాద్యకారుడు చిన్న రాతితోను కొయ్యముక్కతోను మూత అంచును తట్టి శ్రుతి కలుపుకొనును. తెలియనివారు ఆ చప్పుడు విని, “ఇంకను మొదలు పెట్టరేమి?” అని విసుగుకొందురు. వారు విసుగుకొను ఆ అయిదు నిమిషములలోనే ఆ రాత్రి కచేరి మంచిచెడ్డలు సగము తేలిపోవును. వార్లకు బదులు మరలతో బిగించు మృదంగములు ఇప్పుడు వచ్చినవి గాని, తోలు తోలే.

వీణ సంగతి వేరు. బొబ్బిలి వీణను ఒకే పనసకొయ్యతో మలచుట ప్రసిద్ధము. దాని మెట్లను మైనముతో నిలుపుదురు. ఎండవేడికి మైనము మెత్తబడునేమో గాని వానచల్లదనమునకు చెడదు. వీణకు కావలసినది నిశ్శబ్దము. రేకుల కప్పు క్రింద వాన పడుచుండగా వీణ వినబోవుట వృథా. గట్టి కప్పుగల చిన్న మందిరములో, బయట సన్నవాన పడుచుండగా, కొలదిమంది నడుమ వినిన వీణకు సాటి లేదు. ఆ రాత్రి జనము తక్కువగా ఉండుట శ్రోతకు లాభమే, నిర్వాహకులకు నష్టమయినను.

పల్లె కళాకారులకు ఈ రహస్యములన్నియు పూర్వమునుండి తెలియును. తూర్పు భాగవతము ఈ ప్రాంతపు సొత్తు. మృదంగపు జతులకు దీటుగా సత్యభామ వేషధారి రాత్రి తెల్లవార్లును ఆడును. తోలుబొమ్మలాటకు తెల్లని తెర, వెనుక దీపము, చర్మముతో చేసిన బొమ్మలు కావలెను. ఈ రెండును పంటలు ఇంటికి చేరిన పిమ్మట, పొడి నెలలలో ఆరుబయట సాగదగినవి. తప్పెటగుళ్లు మాత్రము వేరు. రొమ్మున కట్టుకొనిన రేకు తప్పెటలను వాయించుచు బృందముగా ఎగిరి ఆడు ఈ కళ వానను కోరి దేవతను వేడుకొను మ్రొక్కుబడులతో ముడిపడినదని పెద్దలు చెప్పుదురు. వాన రాకున్నచో భారతములోని విరాటపర్వమును చదివించుట కూడ తెలుగువారి ఆచారము. ఇందులో ఒక చమత్కారము కలదు. 1885వ సంవత్సరములో కడప మండలము సురభి గ్రామమున వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సమాజము తొలుత ఆడినది కీచకవధ. అది విరాటపర్వములోని కథయే. కుటుంబములతో, తెరలతో, డేరాలతో ఊరూర తిరిగి బ్రతికిన ఆ సమాజమువారు వానను రప్పించు కథతోనే తమ ఆట ప్రారంభించిరి. రేకుల పాకపై వాన పడినప్పుడు పద్యము పాడు నటుని కష్టము ఆ సమాజమువారికి తెలిసినంతగా మరెవరికి తెలియును?

గట్టి కప్పు క్రింద ఆడు నాటకమునకు ఈ చిక్కు లేదు. 1892వ సంవత్సరము ఆగస్టులో, అనగా వానల నడుమనే, విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును మొదటిసారి ప్రదర్శించిరి. ఆ విజయనగరముననే 1919లో సంగీత కళాశాల ఏర్పడెను. హరికథకు పితామహుడని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. పిమ్మట ఆ పీఠమును ద్వారం వెంకటస్వామినాయుడుగారు అలంకరించిరి. పక్కవాద్యముగా ఉండిన వయొలినును ప్రధానవాద్యముగా సభలో నిలిపినవారిలో ఆయన అగ్రగణ్యులు. నేడు విశాఖపట్నములో సిరిపురమునందలి గురజాడ కళాక్షేత్రము, పిఠాపురము కాలనీలోని కళాభారతి వంటి మందిరములు కలవు. అనకాపల్లికి విశాఖ సుమారు 35 కిలోమీటర్లు. రైలును కలదు, బస్సును కలదు. చూడవలసినది పోవుదారి కాదు, రాత్రి తిరిగి వచ్చుదారి.

దృష్టాంతముగా అనకాపల్లిలోని ఒక చిరుద్యోగి కుటుంబమును తీసికొనవచ్చును. ఇంటిలో భార్యాభర్తలు, ఎనిమిదవ తరగతి చదువు కుమార్తె, డెబ్బది యేండ్ల నాయనమ్మ. చవితి నవరాత్రులలో ఒక వారము. మంగళవారము పక్కవీధిలో సినిమా పాటల కచేరి. గురువారము విశాఖలో సాంఘిక నాటకము, టిక్కెట్టు కొనవలెను. శుక్రవారము తమ వీధి పందిరిలో హరికథ, ఉచితము. శనివారము సమీప గ్రామపు మైదానములో పద్యనాటకము, తెల్లవార్లు.

మంగళవారపు పాటలకు ఎవరును పోలేదు. లౌడుస్పీకరు పుణ్యమా యని అవి ఇంటిలో కూర్చున్నను, కిటికీ మూసినను వినబడినవి. బుధవారము ముసురు పట్టినది. అల్పపీడనము మూడు దినములు ఉండునని వార్తలలో చెప్పిరి. ఇంటి యజమాని కాగితముపై లెక్క వేసికొనెను. శనివారపు పద్యనాటకము మైదానములో గనుక జరుగదు. జరుగకున్నను విచారము లేదు, అట్టి నాటకము సంక్రాంతి దాటిన పిమ్మట పొడినేలపై మరల ఆడుదురు. విశాఖ నాటకము గట్టి కప్పు క్రిందిది, వాన దానిని ఆపదు. కావున గురువారమునకు డబ్బును ఓపికను దాచుకొనవలెను. ఈ లెక్కలో తప్పు లేదు. గురువారము తండ్రియు కుమార్తెయు రైలులో పోయి నాటకము చూచి, అర్ధరాత్రి దాటిన పిమ్మట తడిసిన చెప్పులతో ఇల్లు చేరిరి. నాటకము బాగుండెను. నటులు ముఖములకు పూసికొనిన రంగు కనబడునంత దగ్గరగా కూర్చొనుట ఆ బాలికకు మొదటిసారి.

శుక్రవారము సాయంకాలమునకు వాన తగ్గలేదు. పందిరి కురియుచుండెను. కథను రద్దుచేయుదుమా యని నిర్వాహకులు ఇల్లిల్లు తిరిగి అడిగిరి. దాసుగారికి బయానా ముట్టినది, మిగిలినది కథ చెప్పిన పిమ్మట ఈయవలసినది. కథ లేకున్నచో ఆ మిగిలినది ఏమగునో అందరికిని తెలిసినదే.

“నిన్న రాత్రి నిద్ర లేదు. వీధిలోనే గదా, మైకులో ఇంటికి వినబడును,” అని యజమాని అనెను.

నాయనమ్మ అప్పటికే గొడుగు వెదకుచుండెను. “విశాఖలో నీవు పోకున్నను ఆ కుర్చీలో మరియొకడు కూర్చుండును నాయనా! ఇచ్చట మనము పోకున్నచో దాసుగారు ఎవరికి చెప్పును? గోడకా?” అనెను.

అతడు మారు పలుకలేదు. ఆమె మాటలో అతని కాగితములో లేని లెక్క ఒకటి ఉండెను. అతడు వానను, దూరమును, పైకమును లెక్కించెను. ఏ ప్రదర్శనమునకు ఒక్క శ్రోత ఎంత బరువో లెక్కింపలేదు. ఆరువందల మంది కూర్చున్న మందిరములో నలుగురు తగ్గిన తెలియదు. ఇరువది మంది ఉన్నచోట నలుగురు తగ్గినచో నిర్వాహకుడు గడియారము చూచుకొనును, కథ కుదించుమని దాసుకు సైగ చేయును.

కథను పందిరి నుండి కోవెల మండపమునకు మార్చిరి. వచ్చినవారు ఇరువది ముగ్గురు. అందులో పిల్లలు ఏడుగురు. మండపపు కప్పు రాతిది గనుక వాన చప్పుడు దూరమునుండి వినబడుచున్నట్లు ఉండెను. మృదంగము వాయించునతడు మూడుసార్లు రాతితో మూత తట్టుకొనవలసి వచ్చినది. మూడవసారి శ్రుతి కలియుటను ఆ బాలిక చెవితో గుర్తుపట్టి నాయనమ్మ చేయి నొక్కెను. ఎనిమిదిన్నరకు కరెంటు పోయినది. మైకు మూగబోయినది. దాసుగారు ఒక క్షణము ఆగి, గజ్జెల కాలితో రెండడుగులు ముందుకు వచ్చి, చాపల అంచున నిలిచెను. ఎవరో దీపారాధన కుందులను తెచ్చి అటునిటు పెట్టిరి. ఇంటిలో మైకు ద్వారా విందమనుకొనిన వారికి ఆ తరువాతి కథ వినబడలేదు. మండపములో ఉన్నవారికి చిడతల చప్పుడు, గజ్జెల చప్పుడు, మాట, పాట అన్నియు వేరువేరుగా, స్పష్టముగా వినబడినవి. పిట్టకథ వచ్చినప్పుడు దాసుగారు పిల్లల వైపు తిరిగి, వారినే పాత్రలుగా చేసి నవ్వించెను. మైకు ఉన్న రాత్రి ఆయన ఆ స్తంభమును వదలి రాలేడు గదా!

కథ పదకొండు గంటలకు ముగిసినది. మంగళహారతి పళ్లెములో ఎవరికి తోచినది వారు వేసిరి. నిర్వాహకుడు మిగిలిన పైకమును దాసుగారి చేతిలో పెట్టెను. ఆటో వీధి మొగదల ఆగియుండెను. వాన ఇంకను పడుచునే యున్నది. మృదంగమును గుడ్డసంచిలో చుట్టిరి. నాయనమ్మ తన గొడుగును కుమారుని చేతికిచ్చెను. అతడు తాను తడియుచు ఆ గొడుగును మృదంగముపై పట్టి, ఆటో వరకు నడచెను.