మగ ఈగను చూసి జాతి చెప్పడం – ఆఫ్రికా సెట్సీ ఈగల పాఠం
(జీవశాస్త్ర విద్యార్థులకు)

అతినిద్ర వ్యాధిని వ్యాపింపజేసేది సెట్సీ ఈగ అని జంతుశాస్త్రం చదివిన పిల్లలందరికీ తెలుసు. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకు ఆ జవాబు చాలు. కానీ ఆఫ్రికాలో పనిచేసే కీటక శాస్త్రవేత్తకు అది చాలదు. "ఏ సెట్సీ ఈగ?" అన్నది అతని మొదటి ప్రశ్న. ఉపజాతులను కూడా లెక్కిస్తే ఈ ఈగలలో 30కి పైగా రకాలున్నాయి. అన్నీ గ్లోసీనా అనే ఒకే ప్రజాతికి చెందినవి. చూపుకు అన్నీ గోధుమ రంగు ఈగలే. వాటిని నమ్మకంగా వేరుచేసే గుర్తు మగ ఈగ ఉదరం చివర, కింది వైపున దాగి ఉంటుంది. ఈ పాఠం దాని గురించే. జననాంగాల ప్రస్తావన ఉందని తల్లిదండ్రులు సంకోచించనవసరం లేదు. పువ్వులో కేసరాలు లెక్కపెట్టి మొక్క కుటుంబం చెప్పడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ముందుగా అది సెట్సీ ఈగ అవునా కాదా తేల్చుకోవాలి. వాలి ఉన్నప్పుడు రెండు రెక్కలూ కత్తెర మడిచినట్టు ఒకదానిమీద ఒకటి వీపు మీద చేరుతాయి. తొండం నేరుగా ముందుకు పొడుచుకొని ఉంటుంది. రెక్క మధ్యలో ఈనెల నడుమ గొడ్డలి ఆకారంలో ఒక గడి కనిపిస్తుంది. ఈ గడి మరే ఈగకూ ఉండదు కనుక దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. ఆడా మగా రెండూ రక్తమే తాగుతాయి. దోమల్లో ఆడది మాత్రమే కుడుతుందని చదువుకున్న పిల్లలు ఇక్కడ పొరపడుతుంటారు. ఇంకో వింత కూడా ఉంది. ఆడ ఈగ గుడ్లు పెట్టదు. ఒక్కొక్క డింభకాన్నే కడుపులో పెంచి, సుమారు తొమ్మిది పది రోజులకు ఒకటి చొప్పున నేల మీద వదులుతుంది. అది మట్టిలోకి దూరి ప్యూపాగా మారుతుంది.

ఇప్పుడు మగ ఈగను వెల్లకిలా తిప్పి భూతద్దంతో చూడండి. ఉదరం చివర గుండీ లాంటి ఉబ్బు ఒకటి కిందికి ముడుచుకొని ఉంటుంది. దాని పేరు హైపోపీజియం. ఆడ ఈగకు ఇది ఉండదు కాబట్టి ఆడా మగా తేడా ఇక్కడే తెలిసిపోతుంది. సన్నని సూదితో ఆ గుండీని మెల్లగా వెనక్కి విప్పితే ఒక జత కొక్కేలు బయటపడతాయి. సంపర్క సమయంలో ఆడ ఈగను పట్టుకోవడానికి పనికివచ్చే పట్టుకార్లు ఇవి. వీటిని పై క్లాస్పర్లు అంటారు. వీటి కింద మరో జత ఉంటుంది, అవి కింది క్లాస్పర్లు.

గ్లోసీనా ప్రజాతిని మూడు గుంపులుగా విడదీసేది ఈ పై క్లాస్పర్లే. ఫుస్కా గుంపులో రెండు కొక్కేలూ విడివిడిగా, మొనదేలి ఉంటాయి, మధ్యలో పొర ఉండదు. పాల్పాలిస్ గుంపులో రెండింటినీ పలుచని పొర కలుపుతుంది కానీ ఆ పొర నడుమ లోతుగా చీలి ఉంటుంది, చివరలు దూరంగానే ఉంటాయి. మార్సిటాన్స్ గుంపులో పొర పూర్తిగా పరుచుకొని, వెడల్పాటి చివరలు రెండూ మధ్యలో ఒకదానికొకటి చేరిపోతాయి. నోటుపుస్తకంలో మూడు బొమ్మలు గీసుకోండి. పది వాక్యాలు బట్టీపట్టడం కన్నా అది మేలు.

ఈ పద్ధతికి దారి వేసినవాడు ఇంగ్లండులోని లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య విద్యాలయంలో పనిచేసిన రాబర్ట్ న్యూస్టెడ్. అంతకుముందు 1903లో ఎర్నెస్ట్ ఆస్టెన్ సెట్సీ ఈగల మీద పెద్ద గ్రంథం రాశాడు. అందులో రంగు, చారలు, కాళ్ల నలుపు వంటి బయటి గుర్తులకే ప్రాధాన్యం. పాతబడిన నమూనాల్లో రంగు వెలిసిపోతుంది, చారలు చెదిరిపోతాయి. న్యూస్టెడ్ మగ ఈగల ఉదరం కొసలను విప్పి, సూక్ష్మదర్శిని కింద పోల్చి, 1911లో మొత్తం ప్రజాతిని సరిచూసి ప్రకటించాడు. ఒకే జాతి అనుకున్న ఈగల్లో వేర్వేరు జాతులున్నాయని అప్పుడు బయటపడింది.

దీనికి మంచి ఉదాహరణ విక్టోరియా సరస్సు కథ. 1900 తర్వాతి కొన్ని సంవత్సరాల్లో ఉగాండాలో ఆ సరస్సు ఒడ్డున అతినిద్ర వ్యాధి ప్రబలి రెండు లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. 1903లో డేవిడ్ బ్రూస్ బృందం, వ్యాధిని మోసేది అక్కడి సెట్సీ ఈగేనని చూపింది. ఆ ఈగను అప్పట్లో గ్లోసీనా పాల్పాలిస్ అని పిలిచారు. మగ ఈగ భాగాలను పరిశీలించాక అది పశ్చిమాఫ్రికా పాల్పాలిస్ కాదని తేలింది. నేడు దాని పేరు గ్లోసీనా ఫుసిపీస్. పాల్పాలిస్‌లోనే ఉన్న రెండు ఉపజాతులను వేరుచేయడానికైతే కింది క్లాస్పర్ల తలల వెడల్పును కొలుస్తారు. అంత సూక్ష్మమైన తేడా అది!

పేరు మారితే రోగికి ఏమిటి లాభం అని తల్లిదండ్రులు అడగవచ్చు. లాభం ఉంది. పాల్పాలిస్ గుంపు ఈగలు నదుల ఒడ్డు చెట్లను అంటిపెట్టుకొని ఉంటాయి. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో మనుషులకు వచ్చే వ్యాధిని ప్రధానంగా మోసేవి ఇవే. మార్సిటాన్స్ గుంపు గడ్డిమైదానాలు, పలుచని అడవుల్లో ఉంటుంది. తూర్పు, దక్షిణ ఆఫ్రికాలో కనిపించే రెండో రకం వ్యాధిని, పశువులకు వచ్చే నగానా జబ్బును మోస్తుంది. ఫుస్కా గుంపు ఎక్కువగా దట్టమైన అడవుల్లోనిది, మనుషుల వ్యాధిలో దాని పాత్ర స్వల్పం. కనుక బోను ఎక్కడ పెట్టాలో, అందులో ఏ ఎర ఉంచాలో ముందుగా జాతి తెలిస్తేనే నిర్ణయించగలరు. పశువుల వాసనకు, అసిటోన్‌కు మార్సిటాన్స్ గుంపులోని పాలిడిపీస్ ఈగలు బాగా వస్తాయి. నదీతీరపు ఈగలు వాటిని అంతగా పట్టించుకోవు, వాటిని నీలం గుడ్డ బాగా ఆకర్షిస్తుంది. పేద దేశాల ఆరోగ్యశాఖలు తప్పు ఈగకు తప్పు ఎర పెడితే డబ్బూ కాలమూ రెండూ వృథా.

మరో ముచ్చట. టాంగన్యికాలో (నేటి టాంజానియా) వాండర్‌ప్లాంక్ అనే శాస్త్రవేత్త, ఒకే గుంపుకు చెందిన మార్సిటాన్స్, స్విన్నర్టనీ అనే రెండు జాతులను కలిపితే పుట్టే సంతానం దాదాపు గొడ్డుబోతుందని గమనించి 1944లో ప్రకటించాడు. ఒక జాతిని మరొక జాతి చేతనే అణచవచ్చన్న ఆలోచన అది. రెంటినీ విడదీసి గుర్తించే విద్య లేకపోతే ఆ ఆలోచనే పుట్టదు. తర్వాత 1990లలో జాంజిబార్ ద్వీపమైన ఉంగుజాలో, రేడియేషన్‌తో వంధ్యం చేసిన మగ ఈగలను విమానాల నుంచి వదిలి, 1997 నాటికి గ్లోసీనా ఆస్టెనీని నిర్మూలించారు. ఆ ద్వీపంలో ఉన్నది ఆ ఒక్క జాతే కావడం కలిసివచ్చింది.

వ్యాధి సంగతి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా నమోదయ్యే కేసులు 2009లో పదివేల లోపుకు, 2018లో వెయ్యి లోపుకు దిగాయి. మందులు, రోగుల గాలింపు, ఈగల బోనులు అన్నీ కలిసి సాధించిన ఫలితమిది.

మన దేశంలో సెట్సీ ఈగ లేదు. కానీ దాని పరాన్నజీవికి చుట్టమైన ట్రిపనోసోమా ఇవాన్సీ ఉంది. గుర్రాలకు, పశువులకు వచ్చే సర్రా జబ్బుకు కారణం అదే. దాన్ని మోసేది మన జోరీగ.

మగ ఈగ గుర్తుల అవసరం సెట్సీలతో ఆగదు. కుళ్లిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగ డ్రోసోఫిలా మెలనోగాస్టర్ పుట్టిల్లూ ఆఫ్రికానే. దాని తోబుట్టువు లాంటి సిమ్యులాన్స్‌ను 1919లో స్టర్టెవాంట్ వేరుచేశాడు. ఆడవాటిని చూసి ఏది ఏదో చెప్పడం చాలా కష్టం. మగవాటి ఉదరం చివర ఉండే తమ్మె మెలనోగాస్టర్‌లో చిన్న కొక్కెంలా, సిమ్యులాన్స్‌లో పెద్దగా గుండ్రంగా ఉంటుంది. కర్ణాటకలో ఉన్న మన పిల్లలకు మైసూరు విశ్వవిద్యాలయపు డ్రోసోఫిలా స్టాక్ సెంటర్ దగ్గరలోనే ఉంది. డిగ్రీలో జంతుశాస్త్రం తీసుకున్నవారు అధ్యాపకుల ద్వారా అడిగి చూడవచ్చు.

మగ భాగాలే ఇంత త్వరగా మారడానికి కారణం ఏమిటి? తాళానికి తాళంచెవిలా ప్రతి జాతికీ ప్రత్యేకమైన అమరిక ఉంటుందని 19వ శతాబ్దంలోనే ఒక వాదం వచ్చింది. 1985లో విలియం ఎబర్హార్డ్, ఆడ జీవి ఎంపికే ఈ వైవిధ్యానికి మూలమని వాదించాడు. రెండో వాదానికే ఆధారాలు బలంగా ఉన్నాయని నాకనిపిస్తుంది. చర్చ మాత్రం ముగియలేదు.

అభ్యాసానికి ఒక ప్రశ్న. నది ఒడ్డున బోనులో ఒక మగ ఈగ పడింది. ఉదరం మీద స్పష్టమైన చారలున్నాయి, కనుక మొదటి చూపుకు మార్సిటాన్స్ గుంపు అనిపిస్తుంది. కానీ వెనుక కాలి పాదం మార్సిటాన్స్‌లో లాగా చివరి రెండు ఖండాలే కాక, మొత్తం నల్లగా ఉంది. హైపోపీజియం విప్పితే క్లాస్పర్ల మధ్య చీలిన పలుచని పొర, దూరంగా ఉన్న చివరలు కనిపించాయి. ఏ గుంపు? గుంపు చెప్పినవారు జాతి కూడా చెప్పవచ్చు. చారలున్న పాల్పాలిస్ గుంపు ఈగగా పేరుపడింది గ్లోసీనా టాకినాయిడీస్.