మూడు ముక్కల చక్రం: మెరుపు కన్నా ముందు చూడాల్సిన లెక్క

జర్మనీలోని షిల్టాక్ అనే చిన్న ఊళ్లో 1970లో హైన్రిష్ బౌమ్‌గార్ట్‌నర్, క్లౌస్ బ్రాండ్ కలిసి ఒక సంస్థ పెట్టారు. వారిద్దరి ఇంటిపేర్లు, ఊరి పేరు కలిపి తొలి అక్షరాలు తీసుకుంటే బీబీఎస్. కార్లకు ప్లాస్టిక్ భాగాలు చేస్తూ మొదలైన ఆ సంస్థ, 1972లో రేసు కార్ల కోసం మూడు ముక్కల చక్రాన్ని రూపొందించింది. ఒకే డిస్కుకు రకరకాల వెడల్పుల అంచులు బిగించుకోవచ్చు. అంచు వంగితే ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు. రేసు జట్లకు కావలసింది అదే. ఇప్పుడు వేగవంతమైన కార్లకు ఇలాంటి చక్రాలు చేయించుకునేవారు ఎక్కువగా చూసేది మాత్రం బోల్టుల వరుస, లోతైన అంచు, రంగు.

ఈ చక్రంలో ఆకులు ఉండే మధ్య డిస్కు ఒక ముక్క. టైరు కూర్చునే బ్యారెల్ లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి. మూడింటినీ చుట్టూ వరుసగా బోల్టులతో బిగిస్తారు. ముక్కలు ఎక్కువైనంత మాత్రాన చక్రం తేలికవుతుందనుకోవడం పొరపాటు. ఒకే అల్యూమినియం దిమ్మను ఫోర్జింగ్ చేసి మలిచిన చక్రమే చాలాసార్లు తేలిక. పైగా బోల్టుల బరువు అంచుకు దగ్గరగా పడుతుంది. తిరిగే వస్తువులో బరువు ఎంత అన్నదే కాదు, కేంద్రానికి ఎంత దూరంలో ఉందన్నదీ ముఖ్యం. జడత్వ భ్రామకం దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. టైరు వ్యాసార్థం 33 సెంటీమీటర్లు, బోల్టుల వరుస కేంద్రం నుంచి 21 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. అక్కడి కిలో బరువు, కారు వేగం అందుకునేటప్పుడు సుమారు 1.4 కిలోల భారంలా పనిచేస్తుంది. అదే కిలో హబ్ దగ్గర, 6 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 1.03 కిలోలే.

మరి ఈ చక్రం ప్రయోజనమేమిటి? అమరిక. చక్రం హబ్‌కు ఆనుకునే ముఖానికీ, రిమ్ వెడల్పు మధ్యరేఖకూ ఉన్న దూరాన్ని ఆఫ్‌సెట్ అంటారు. కారుకు 8 అంగుళాల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్ ఉన్న చక్రాలు ఉన్నాయనుకుందాం. వాటి స్థానంలో 9 అంగుళాలు, 35 ఆఫ్‌సెట్ చక్రం పెడితే అంచు బయటికి 22.7 మిల్లీమీటర్లు జరుగుతుంది, లోపలికి 2.7 మాత్రమే. బయట ఫెండర్‌కు టైరు తగులుతుందా, లోపల షాక్ అబ్జార్బర్‌కు రాసుకుంటుందా అన్నది ఈ రెండు అంకెలే చెబుతాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, గతుకులో సస్పెన్షన్ కుదించుకున్నప్పుడు కూడా ఖాళీ మిగలాలి. మూడు ముక్కల చక్రంలో బయటి బ్యారెల్‌ను అర అంగుళం పెంచితే ఆఫ్‌సెట్ 6.35 మిల్లీమీటర్లు తగ్గుతుంది, లోపలి వైపు ఏమీ మారదు. పోత చక్రాల అంగట్లో ఇంత సూక్ష్మమైన ఎంపిక దొరకడం కష్టం. ఈ కొలతలు తీసుకోకుండా డిజైన్ ఎంచుకునేవారు డబ్బు పెట్టి కొన్న అసలు వసతిని వదులుకున్నట్టే.

తర్వాతది భారం. కారు పత్రాల్లో ముందు ఇరుసు గరిష్ఠ భారం 1,100 కిలోలు అని ఉంటే, ప్రతి చక్రం కనీసం 550 కిలోలకు పరీక్షించినదై ఉండాలి. ఆ అంకె చక్రం మీద గానీ తయారీదారు పత్రంలో గానీ లేకపోతే, ఎంత అందమైనదైనా కొనకపోవడమే మేలు. మధ్య రంధ్రం హబ్‌కు సరిగ్గా సరిపోవాలి. వదులుగా ఉంటే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది.

మన రోడ్ల మీద ఈ చక్రానికి నిజమైన లాభం ఒకటుంది. గుంతలో పడి బయటి అంచు వంగితే, అదే కొలత బ్యారెల్ తెప్పించి మార్చుకోవచ్చు. కానీ ఆ పని తెలిసినవారే చేయాలి. కీళ్ల దగ్గర గాలి పోకుండా సీలెంట్ గానీ రబ్బరు రింగు గానీ ఉంటుంది. అది చెడితే టైరులో పంక్చర్ లేకపోయినా గాలి మెల్లగా దిగిపోతుంది. బోల్టుల సంగతి ఇంకా సున్నితం. సరిగ్గా బిగించిన బోల్టు ముక్కలను గట్టిగా నొక్కి పడుతుంది, ఆ నొక్కుడు వల్ల పుట్టే ఘర్షణే భారాన్ని మోస్తుంది. బిగువు తగ్గితే ముక్కలు సన్నగా కదలడం మొదలవుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ బోల్టు కొద్దిగా వంగి లేస్తుంది. అలా లక్షల సార్లు జరిగాక లోహం అలసి తెగుతుంది. అందుకే తయారీదారు చెప్పిన బిగువుకే, టార్క్ రెంచ్‌తో బిగించాలి. పంక్చర్ దుకాణంలో టైరు విప్పించేటప్పుడు ఈ బోల్టుల జోలికి పోవద్దని ముందే చెప్పడం మంచిది. చక్రాన్ని హబ్‌కు పట్టి ఉంచే నట్లు వేరు, ఇవి వేరు.