తల్లి పక్కన కూర్చుని నేర్చే శ్రవణం

నవవిధ భక్తిమార్గాలలో శ్రవణానిది మొదటి స్థానం. కీర్తనం దాని తరువాతిది. పాడటానికి ముందు వినడం రావాలని పెద్దలు ఆ వరుసలోనే సూచించారు. పాట నేర్పే గురువులు ఊరూరా లభిస్తారు. వినడం నేర్పేవారు అరుదు. ఆ పాఠం బిడ్డకు ఇంట్లోనే, చాలావరకు తల్లి ద్వారానే అందుతుంది.

ఇందుకు త్యాగరాజస్వామి జీవితమే నిదర్శనం. 1767లో తిరువారూరులో జన్మించిన ఆ మహనీయుడు శొంఠి వెంకటరమణయ్యగారి వద్ద సంగీతం అభ్యసించారు. అంతకుముందే తల్లి సీతమ్మగారు పాడే పురందరదాస, రామదాస కీర్తనలు ఆయన చెవిని పడ్డాయని సంప్రదాయజ్ఞులు చెబుతారు. గురువు చేరదీసేనాటికే తల్లి గొంతు ఆ చెవిని సిద్ధం చేసిందన్నమాట.

కుమార్తెను శాస్త్రీయ సంగీత సభకు తీసుకువెళ్లడానికి నేడు చాలామంది తల్లులు సంకోచిస్తారు. “మాకు రాగాలు తెలియవు, అమ్మాయి అడిగితే ఏం చెప్పగలం?” అన్నది వారి సందేహం. చిన్ననాడు వర్ణాల వరకు నేర్చుకుని, పెళ్లయ్యాక తంబూరాకు ముసుగు వేసిన తల్లులు మరికొందరు. ఈ ఇరువురికీ తగిన సభ ఒకటుంది. అది తిరువయ్యారులో జరిగే త్యాగరాజ ఆరాధన.

బయలుదేరే ముందు

స్వామి 1847లో పుష్య బహుళ పంచమినాడు సిద్ధి పొందారు. ఏటా ఆ తిథినాడు, సాధారణంగా జనవరిలో, కావేరీ తీరాన ఆయన సమాధి ఎదుట విద్వాంసులందరూ కలిసి ఘనరాగ పంచరత్న కీర్తనలు గానం చేస్తారు. తిరువయ్యారు తంజావూరుకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉంది. తమిళ దేశపు ఆ చిన్న ఊరిలో ఆనాడు వేలాది కంఠాలు పలికేది మన తెలుగు. అయిదింటిలో మొదటి కృతి సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగే. కనుక రాగజ్ఞానం లేని తెలుగు తల్లి కూడా తన బిడ్డకు అక్కడ అర్థం చెప్పగలదు.

వరుస ఇది. నాటలో శ్రీరాముని గుణనామ స్తుతి. గౌళలో తన దోషాలను తానే ఎంచుకుని చేసుకున్న నివేదన. ఆరభిలో కృష్ణుని లీలలను తలచుకుంటూ చేసిన చనువైన నిందాస్తుతి. వరాళిలో స్వామి సౌందర్య దర్శనం. శ్రీరాగంలో మహానుభావులైన భక్తులందరికీ వందనం. ప్రయాణానికి ముందు రోజుకొకటి చొప్పున అయిదు రోజులు, వంటింట్లో పని చేసుకుంటూనైనా, ఈ భావాలను అమ్మాయికి కథలా చెప్పండి.

ఈ అయిదింటికీ తాళం ఆదితాళమే. అరచేతితో ఒక దెబ్బ, ఆపై చిటికెన, ఉంగరపు, మధ్య వేళ్లతో మూడు లెక్కలు. తరువాత దెబ్బ, తిప్పు. మళ్లీ దెబ్బ, తిప్పు. మొత్తం 8. ఏడేళ్ల పిల్ల కూడా ఒక్క సాయంత్రంలో దీనిని పట్టుకోగలదు.

సభలో

గానం మొదలైన తరువాత వివరణలు వద్దు. చెప్పవలసినవన్నీ ముందే చెప్పారు. ఇక తల్లి చేయవలసింది తాను శ్రద్ధగా వినడం. బిడ్డ చూపు వేదిక మీద కొంతసేపు, తల్లి ముఖం మీద కొంతసేపు నిలుస్తుంది. తల్లి ఫోను చూస్తే బిడ్డ దానినే నేర్చుకుంటుంది. తల్లి చేయి తొడపై తాళం వేస్తే ఆ చిన్న చేయి కూడా కదులుతుంది. అమ్మాయి అలసి ఒడిలో తల పెట్టుకుంటే మందలించవద్దు. కన్ను మూతపడినా చెవి తెరిచే ఉంటుంది.

వరాళి వంతు వచ్చినప్పుడు ఒక విశేషం గుర్తుంచుకోదగినది. వరాళిని గురువు శిష్యునికి ముఖాముఖి బోధించరాదన్న ఆచారం సంగీతలోకంలో ఉంది. ఇతరులు పాడగా వినే దానిని గ్రహించాలంటారు. కేవలం వినికిడితో ఒక రాగమే తరం నుండి తరానికి చేరగలిగినప్పుడు, భక్తి చేరదా?

ఆ చోటు వెనుక ఒక కూతురు

తల్లీకూతుళ్లు నేడు నిశ్చింతగా గొంతు కలుపుతున్న ఆ చోట ఒకప్పుడు స్త్రీలు పాడటానికి వీలుండేది కాదు. ఆరాధన జరిపే పక్షాలు వారిని అనుమతించేవి కావు. ఆ స్థితిని మార్చడానికి పూనుకున్నది బెంగుళూరు నాగరత్నమ్మగారు. 1878లో నంజనగూడులో జన్మించిన ఆమెకు సంగీతం, సాహిత్యం చెప్పించడానికి తల్లి పుట్టలక్ష్మిగారు ఎన్నో ఇక్కట్లు పడ్డారు. ఆ తల్లి పెట్టిన విద్యతో ఆర్జించిన ధనాన్నంతా కూతురు త్యాగరాజస్వామికే ధారపోసింది. ఆలనాపాలనా లేక పడి ఉన్న సమాధి స్థలాన్ని సంపాదించి, 1925 నాటికి ఆలయం నిర్మింపజేసింది. తాను కట్టించిన ఆలయం ముంగిట తనకే పాడే హక్కు లేకపోతే, స్త్రీలను కూడగట్టి వేరుగా ఆరాధన జరిపింది. 1940 దశకం ఆరంభానికి పక్షాలన్నీ ఒక్కటై, స్త్రీలకు కూడా ఆ సభలో చోటు దక్కింది. 1952లో ఆమె పరమపదించారు. స్వామి సమాధికి అభిముఖంగా నేటికీ ఆమె విగ్రహం చేతులు జోడించి కూర్చుని ఉంటుంది.

శ్రీరాగ కృతి ముగిశాక అమ్మాయిని ఆ విగ్రహం వద్దకు తీసుకువెళ్లి ఈ వృత్తాంతం చెప్పండి. మహానుభావులకు వందనం అంటే ఏమిటో వేరే వివరించనక్కరలేదు.

తిరువయ్యారు వెళ్లలేనివారు చింతించవలసిన పని లేదు. ఆ పంచమినాడు మన ఊళ్లలోనూ అనేక ఆలయాలలో, సంగీత సభలలో పంచరత్న గానం జరుగుతుంది. చాప పరిచిన మంటపం చాలు. ఏళ్ల తరబడి పాడని తల్లి అక్కడ ఒక్క చరణంలోనైనా గొంతు కలపాలి. శ్రుతి కాస్త తప్పినా స్వామి మన్నిస్తాడు. అమ్మ పాడగలదని ఆనాడు తెలుసుకున్న కూతురు, రేపు ఏ దేశంలో కాపురమున్నా, ఆ పాటను తన బిడ్డ చెవిన వేయక మానదు.