పండుటాకు చెప్పే పాఠం

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వరిపొలాలకు కృష్ణా కాలువలే జీవనాడులు. గట్టు చెడితే చివరి చేనుకు నీరందదు. మానవదేహంలోని రక్తనాళాలూ అటువంటివే. వాటి లోపలి పొర ఒక్క కణం మందమే. అయినా నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడును అదే ఉత్పత్తి చేస్తుంది. పొగాకు, మధుమేహం, అధిక రక్తపోటు ఆ పొరను దెబ్బతీస్తాయి.

దానిని కాపాడే ఉపాయాన్ని కొందరు శాస్త్రజ్ఞులు కణాల మరణంలోనే వెదికారు. పండుటాకు రాలినట్లు కణం క్రమబద్ధంగా మరణించడానికి 1972లో కెర్, వైలీ, కర్రీ ‘ఎపోప్టోసిస్’ అని పేరు పెట్టారు. ఈ మరణానికీ శక్తి అవసరం. ఆ శక్తినిచ్చే ఎ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో తెలుగుబిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఇట్లా మరణించే కణాలను భక్షక కణాలు మింగి, వాపును అణచే పదార్థాలను విడుదల చేస్తాయి. ఈ సూత్రం ఆధారంగా కెనడాలో ఒక చికిత్సను రూపొందించారు. రోగి రక్తాన్ని కొద్దిగా తీసి, వేడిమి, ఓజోను, అతినీలలోహిత కిరణాలతో అందులోని కణాలను మరణోన్ముఖం చేసి, తిరిగి అతని కండరంలోకి ఎక్కించేవారు. గుండె వైఫల్యం గల 2,426 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2008లో వెలువడ్డాయి. మరణాలు, ఆసుపత్రి చేరికలు మొత్తంమీద చెప్పుకోదగినంతగా తగ్గలేదు.

ఆలోచన ఎంత చక్కనిదైనా, పరీక్షకు నిలిచినప్పుడే అది ఔషధమవుతుంది. అందాకా పొగాకు మానడం, రక్తపోటునూ చక్కెరనూ అదుపులో ఉంచుకోవడమే ఆ సన్నని గట్టుకు కాపలా.