పేరు ఒక్కటే, చిరునామాలు వేరు

అర్పా నదీ తీరాన వెలసిన బిలాస్‌పూర్ ఛత్తీస్‌గఢ్‌లోని ముఖ్యమైన రైల్వే పట్టణం. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇది ప్రధాన కేంద్రం. రైల్వే ఉద్యోగాల నిమిత్తం వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఇక్కడ తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. అయితే బిలాస్‌పూర్ అన్న పేరు ఈ ఒక్క ఊరి సొత్తు కాదు. హిమాచల్ ప్రదేశ్‌లో ఒక బిలాస్‌పూర్ ఉన్నది. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ జిల్లాలో మరొకటి ఉన్నది. శ్రీకాకుళం నుండి ఒక తల్లి తన కుమారునికి వ్రాసిన ఉత్తరంపై ఊరి పేరు మాత్రమే ఉంటే తపాలావారు దానిని ఎక్కడికి పంపాలి? ఇటువంటి చిక్కులను తీర్చడానికే 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ విధానం అమలులోకి వచ్చింది. 495001 అన్న ఆరు అంకెలు ఉత్తరాన్ని అర్పా తీరానికే చేరుస్తాయి.

వైఫై వాడేవారికి కూడా ఇదే చిక్కు ఎదురవుతున్నది. ఫోన్ తెరపై కనిపించే నెట్‌వర్క్ పేరును చూచి మనం నమ్ముతున్నాము. ఆ పేరు వెనుక ఉన్నది ఏ పరికరమో తెలుసుకోవాలంటే కంప్యూటర్‌కు కొన్ని అక్షరరూప ఆదేశాలు ఇచ్చి, అది చూపే జాబితాను చదవగలగాలి.

గాలిలో వినిపించే చాటింపు

వైఫై పరికరం తన ఉనికిని ఎడతెగక చాటుతూనే ఉంటుంది. సాధారణంగా సెకనుకు దాదాపు పది పర్యాయాలు ‘బీకన్’ అనే చిన్న సందేశాన్ని వెలువరిస్తుంది. అందులో నెట్‌వర్క్ పేరు, చానల్ సంఖ్య, రక్షణ విధానం మొదలైన వివరాలు ఉంటాయి. చుట్టుపక్కల వెలువడే ఇట్టి సందేశాలను ఒక్కొక్క చానల్‌లో వెదకి పట్టుకోవడమే స్కానింగ్. ఇది రెండు విధాలు. కంప్యూటర్ మౌనంగా వింటూ కూర్చోవడం మొదటి విధం. “ఇక్కడ ఎవరున్నారు?” అని తానే ప్రశ్న పంపి జవాబులు సేకరించడం రెండవ విధం.

విండోస్ కంప్యూటర్‌లో ఆదేశాల కిటికీ తెరచి ‘నెట్‌ష్ వ్లాన్ షో నెట్‌వర్క్స్ మోడ్=బీఎస్‌ఎస్‌ఐడీ’ అని ఆంగ్లాక్షరాలలో టైపు చేస్తే జాబితా వస్తుంది. కొత్త విండోస్‌లో ఇందుకు స్థాన వివరాల అనుమతి కూడా ఇవ్వవలసి ఉంటుంది. లైనెక్స్‌లో ‘ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐ డివైస్ వైఫై లిస్ట్’ అన్న ఆదేశం అదే పని చేస్తుంది. మరింత లోతైన వివరాలకు ‘ఐడబ్ల్యూ’ అనే సాధనం ఉన్నది. దానితో స్కాన్ చేయడానికి కంప్యూటర్‌పై పూర్తి అధికారం కావాలి.

జాబితాను చదివే విధానం

జాబితాలోని మొదటి అంశం పేరు. దీనిని ఎస్‌ఎస్‌ఐడీ అంటారు. ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చును; ఇతరులు ముందే వాడుతున్న పేరైనా అడ్డు లేదు. కొందరు పేరును దాచి ఉంచుతారు. అప్పుడు ఆ చోటు ఖాళీగా కనిపించినా, తక్కిన వివరాలు కనిపిస్తూనే ఉంటాయి.

రెండవది బీఎస్‌ఎస్‌ఐడీ. ఆరు జంటల అంకెలతో, అక్షరాలతో కూడిన ఈ సంఖ్య పరికరానికి పిన్‌కోడ్ వంటిది. మొదటి మూడు జంటలు సాధారణంగా తయారీదారును సూచిస్తాయి.

మూడవది సంకేత బలం. ‘ఐడబ్ల్యూ’ దీనిని డీబీఎం కొలతలో, రుణ సంఖ్యగా చూపుతుంది. మైనస్ 40 అంటే బలమైన సంకేతం. మైనస్ 70 అంటే బలహీనమైనది. వీటి మధ్య తేడా ముప్పది మాత్రమే కదా అని తోచవచ్చు. కాని ప్రతి పదికీ శక్తి పదింతలు మారుతుంది గనుక మొదటిది రెండవదానికంటే వేయి రెట్లు బలమైనది.

నాల్గవది చానల్. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానితో ఒకటి కలియనివిగా 1, 6, 11 చానళ్లను వాడడం పరిపాటి. కళాశాల గ్రంథాలయపు పరికరం, ఇరుగుపొరుగు పరికరాలు అన్నీ 6వ చానల్‌లోనే ఉంటే వేగం మందగిస్తుంది. అట్టి స్థితిలో గ్రంథాలయం ఖాళీగా ఉన్న చానల్‌కు మారడం మేలు.

అయిదవది రక్షణ. 1997 నాటి వెప్ విధానంలోని లోపాలు 2001 నాటికే బయటపడినవి. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2గాని, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3గాని ఉండడం క్షేమం. ‘ఓపెన్’ అని ఉంటే ఆ నెట్‌వర్క్‌కు తాళమే లేదన్నమాట.

ప్లాట్‌ఫారంపై ఒక పరీక్ష

రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ సంస్థ ఉచిత వైఫై 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో మొదలైనది. ఆ ఏప్రిల్‌లో విశాఖపట్నం, విజయవాడ, రాయ్‌పూర్ స్టేషన్లకు వచ్చింది. అనంతరం ఆరు వేలకు పైగా స్టేషన్లకు విస్తరించింది. దేశమంతటా దాని పేరు ‘రైల్‌వైర్’. ఒకప్పుడు విశాఖలో దానిని వాడిన విద్యార్థి బిలాస్‌పూర్‌లో రైలు దిగినప్పుడు అతని ఫోన్ ఆ పేరును గుర్తించి తనంతట తానే కలిసిపోవచ్చు. సౌకర్యం ఎంతటిదో ప్రమాదమూ అంతటిదే. మోసగాడు తన సంచిలోని చిన్న పరికరానికి అదే పేరు పెట్టి, బ్యాంకు రహస్యాలు అడిగే నకిలీ పుటను చూపగలడు.

మరి స్కానింగ్ మోసాన్ని పట్టి ఇస్తుందా? కొంతవరకే. పెద్ద స్టేషన్‌లో ఒకే పేరుతో అనేక పరికరాలు ఉండడం సహజం. కనుక బీఎస్‌ఎస్‌ఐడీలు వేరైనంత మాత్రాన మోసమని చెప్పరాదు. పైగా ఆ సంఖ్యను కూడా అనుకరించవచ్చును. కాని డబ్ల్యూపీఏ2 తాళంతో పనిచేసే కళాశాల నెట్‌వర్క్ పేరు జాబితాలో రెండవసారి ‘ఓపెన్’ అని కనిపిస్తే అది స్పష్టమైన హెచ్చరిక. వెంటనే నిర్వాహకులకు తెలియజేయాలి. స్టేషన్‌లో అయితే స్వయంగా కలిసే సదుపాయాన్ని ఫోన్‌లో ఆపివేయాలి. బ్యాంకు పనులకు సొంత మొబైల్ డేటా వాడుకోవాలి. లాగిన్ కోసం వచ్చే ఓటీపీ తప్ప, ఏటీఎం పిన్‌గాని బ్యాంకు పాస్‌వర్డ్‌గాని ఏ వైఫై పుటలోనూ వ్రాయరాదు.

ఒక హద్దును కూడా గుర్తుంచుకోవాలి. చాటింపును వినడం వేరు, ఇతరుల ఇంట ప్రవేశించడం వేరు. అనుమతి లేకుండా పరుల నెట్‌వర్క్‌లోకి చొరబడడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం శిక్షార్హం. విద్యార్థులు తమ ఇంటి పరికరంపైనో, అధ్యాపకుల అనుమతితో కళాశాల పరికరంపైనో ఈ అభ్యాసం చేయాలి.

విశాఖలోను, బిలాస్‌పూర్‌లోను ఒకే పేరు పలకరించడం సంతోషకరమే. అయితే ఊరి పేరు చదివి ఊరుకోక పిన్‌కోడ్ కూడా చూచే తపాలా ఉద్యోగి జాగ్రత్తను ప్రతి పాఠకుడూ అలవరచుకోవాలి. అప్పుడే ఆ పలకరింపు క్షేమకరం అవుతుంది.